లెక్కల దొర

ఎర్రగుంట్లలో, బండల పాలిష్ ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో
రాత్రి షిఫ్టు నడుస్తాంటే
మద్దిలేటీ నేనూ కోటలోకి పోయేవాళ్ళం.

వాళ్ళ మామ బెంగుళూరు నుంచి తెచ్చిన సీడీ.
దాని మీద స్కెచ్చు పెన్నుతో రెండు కోరపళ్ళు.
అవతల రంపం బండను కోస్తాంటే
స్పీకర్లో తోడేళ్ళు అరిచినాయో లేదో
మాకు ఎన్నడూ తెలీలేదు.

కథంతా ఇంగ్లీషు.
ఆ రక్తపిశాచి పేరు ముందర కౌంట్ అని ఉంటే
డిక్షనరీ తీసినాం: లెక్కపెట్టుట.
ఓహో, గుమస్తా అనుకున్యాం.
మా ఓబులేసు మాదిరి
లారీకి ఎన్ని బండలు ఎక్కినాయో, ఎన్ని పగిలినాయో,
పగిలినవి ఎవరి కూలీలో కోసుకోవాల్నో రాసుకునే మనిషి.
ఆ పొద్దు నుంచి వాని పేరు లెక్కల దొర.

బాణం గుర్తును తెరంతా తిప్పాల.
ముట్టుకోదగ్గది తగిలితే బాణం చెయ్యయితాది.
కిటికీ, కాదు. దివిటీ, కాదు.
గోడ మీద దొరసాని పటం, ఆమె ఎడమ కంట్లో
సూదిమొనంత చోట
చెయ్యి!
మూడు రాత్రులు పట్టింది ఆ కన్ను దొరకడానికి.

సంచిలో తాడు, తెల్లగడ్డల దండ, తుప్పు తాళంచెవి,
కోట వంటింట్లో ఎత్తుకొచ్చిన రెండు అప్పడాల కర్రలు.
దొరకు తెల్లగడ్డంటే భయమంటే జేజి పకపక నవ్వింది.
"మనం సంగటిలోకి నూరేది సూస్తే సస్తాడు పాపం."
పిలవందే గడప దాటడంట జేజీ అంటే
"మంచిదేలే, మనది జిల్లానే గడప" అనింది.

చివరికి నేలమాళిగ.
శవపేటిక మీద నల్లబండ. అచ్చం మా కడప బండే,
పాలిష్ కూడా మాదే అన్నట్టు మెరుస్తాంది.
తాడు వేసినాం. తాళంచెవి గుచ్చినాం. తెల్లగడ్డ రుద్దినాం.
అది పనిచెయ్యదు అనే వాక్యం
ఇంగ్లీషులో మాకు నోటికొచ్చింది.
వారం. పది రోజులు.

ఒక రాత్రి నాయన నీళ్ళకొచ్చినాడు.
రెప్పల మీద పిండి, మీసాల మీద పిండి,
ఆటలో దొర కన్నా తెల్లగా.
దగ్గు ఆపుకోని తెరకల్లా సూసినాడు.
"ఎంత మందం?"
తెలీదన్యాం.
"రెండంగుళాలుంటాది. ఎత్తద్దు, నడుం పోతాది.
కింద గుండ్రంగా ఉండేవి రెండు పెట్టి తోయండి."
చెంబు బోర్లించి పనికి పోయినాడు.

అప్పడాల కర్రలు. బండ.
జరిగింది!
మద్దిలేటి కుర్చీ ఎక్కి ఎగిరినాడు.
నేను వాకిట్లోకి ఉరికి నాయనా నాయనా అని అరిచినా.
రంపం నా గొంతు కూడా కోసేసింది.
పొద్దున చెప్దామనుకున్యా. పొద్దున ఆయన నిద్ర.

పేటిక ఖాళీ.
దొర యాడికి పోయినాడో తెలిసేలోపల కరెంటు పోయింది.
మర్రోజు ఓనరు కొడుకు
ఆ సీడీని కారు అద్దానికి యాలాడదీసుకున్యాడు.

దొర అయితే పిలుపు కోసం నిలబడేవాడు.
పిండి ఎవర్నీ అడగలేదు.
బువ్వగిన్నెలోకి, దిండు గలీబులోకి,
జేజి వక్కాకు సంచిలోకి,
నాయన రొమ్ములోకి.

మొన్న కడప పెద్దాసుపత్రిలో డాక్టరు
ఎక్స్‌రేను వెలుతురు పెట్టెకు తగిలించి
ఫోనొస్తే పక్కకు పోయినాడు.
నల్లటి నేలమాళిగ. తెల్లతెల్లటి చుక్కలు.
పక్కటెముకల మెట్ల మీద నా వేలు
పైనుంచి కిందికి, మళ్ళా పైకి,
ఎవరూ సూడలేదనుకోని నిదానంగా తిప్పినా.
యాడన్నా, సూదిమొనంత చోట.

"ఏం ఎతుకుతాండావ్?" అన్యాడు నాయన స్టూలు మీది నుంచి.
ఏం లేదన్యా.
ఊపిరి కూడదీసుకోడానికి కొంచేపు ఆగినాడు.
"ఆ పొద్దు మీ బండ జరిగిందా?"
జరిగింది నాయనా.
"రెండంగుళాలేనా?"
రెండే.
"నే చెప్పలా" అన్యాడు,
చొక్కా గుండీలు పెట్టుకుంటా.