మూడు వానలు నిలిస్తే

ఓడ ఆగేది తొమ్మిది గంటలు.
మహాబలిపురం బస్సు మా కళ్లముందే కదిలిపోయింది,
నాంచారమ్మ చెవిదుద్దు శీల వెతుక్కుంటూ ఉండగా.
మద్రాసు హార్బరు గేటు బయట
ఇద్దరం తోడికోడళ్లం, ఒక గొడుగు,
ఓడ భోజనశాలలోంచి గుడ్డలో చుట్టి
దొంగతనంగా తెచ్చిన ఆరు ఇడ్లీలు.

ఆమె చేతిలో ఓడవాళ్లిచ్చిన రంగుల కాగితం.
అందులో ఎక్కడివో నీలం నీళ్లు, తెల్లిసుక దీవి,
పసుపు పడవ మీద ‘వాటర్ ట్యాక్సీ’ అని రాత.
“ఇదిగో, ఇక్కడికి,” అంది ఆటో అతనితో.
అతను కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి
“ఎన్నూరు,” అన్నాడు.
ఊరి పేరా, ఎనిమిది వందలా అని గొడవపడితే
చివరికి రెండూనట.

కాసిమేడు, తిరువొత్తియూరు, కంటైనరు లారీల వెనక
గంటంబావు దుమ్ము.
వాగొడ్డున వల బాగుచేసుకుంటున్న ఏకాంబరం
మా మాటలు విని తలెత్తాడు.
“మా అవ్వది తడ,” అన్నాడు తెలుగులో,
అదే టిక్కెట్టయినట్టు పడవ విప్పాడు.
ఐసుపెట్టె బోర్లించి
నాంచారమ్మను మహారాణిలా కూర్చోబెట్టాడు.

నీళ్లు నీలం కావు.
ఉలవచారులో ఎవరో బూడిద కలిపినట్టున్నాయి.
ఒక పక్క కరెంటు కేంద్రం పొగగొట్టాలు,
ఇంకో పక్క మడచెట్ల వేళ్ల మీద
ఒంటికాలి కొంగ, ఎవరి కోసమో.
“ట్యాక్సీకి మీటరుందా?”
“చందమామ దగ్గరుందమ్మా.
ఆటు మొదలవకముందు తిరిగొస్తే ఒక రేటు.
తరవాతైతే మీరే తొయ్యాల.”

ఏరూ సముద్రమూ భుజాలు రాసుకునే చోట
ఒక ఇసుకదిబ్బ.
పడుకున్న ఆవంత ఎత్తు కూడా లేదు.

ముప్పై ఒక్కేళ్లు సర్వే ఆఫీసులో
ట్రేసింగు గుడ్డ మీద నల్లసిరాతో
చెరువుగట్లు, కాలవలు, పోరంబోకు హద్దులు గీసినదాన్ని.
అంచు కనబడితే చెయ్యి దురద పెడుతుంది.
చుట్టూ నడిచి అడుగులు లెక్కపెట్టాను:
రెండువందల పన్నెండు.
మళ్లీ నడిచాను: రెండువందల నాలుగు.
తప్పు నాదే అనుకున్నాను.

“దీని పేరేమిటి నాయనా?”
“పేరా? పోయినేడు ఇది లేదమ్మా.
మూడు వానలు నిలిస్తే అప్పుడు చూస్తాం.
మా నాయన ఒకదానికి నా పేరు పెట్టినాడు,
నేను నడక నేర్చేలోపలే పోయింది.”
చెబుతూనే ఇడ్లీ తుంచి నోట్లో వేసుకున్నాడు.
“ఓడలో ఉప్పు తక్కువ,” అన్నాడు.

నాంచారమ్మ మోకాళ్లదాకా చీర ఎత్తి
అలకెదురుగా నిలబడింది.
నలభై ఏళ్లుగా ఒకే వంటింట్లో తిరిగాం.
ఆమె పిక్క మీద అంత పెద్ద పుట్టుమచ్చ
ఉందని నాకు తెలీదు.

చందమామ మాట తప్పలేదు.
పడవ ఇసుక పట్టింది. ముగ్గురం తోశాం.
ఏకాంబరం తమిళంలో తిట్టాడు,
నాంచారమ్మ తెలుగులో,
నేను ఊపిరి దాచుకున్నాను.
దిగేటప్పుడు ఆమె అతని నంబరు రాసుకుంది,
మళ్లీ ట్యాక్సీ కావలిస్తే అని.
ఓడ మెట్లెత్తే ముందు నిమిషంలో ఎక్కాం.
అప్పుడు చూసుకుంది,
ఎడమ కాలికి చెప్పు లేదు.

రాత్రి, కిటికీలేని గదిలో,
ఇడ్లీలు చుట్టిన గుడ్డ మీద
దిబ్బని గీశాను బాల్‌పెన్నుతో.
ఉత్తరానికి బాణం. కొలత, నా అడుగు.
చెప్పు వదిలేసినచోట ఒక చుక్క.
పటం మొత్తానికి
నేను ఒట్టేసి చెప్పగలిగింది ఆ చుక్కొకటే.

కార్తీకంలో, తుపాను వెలిసిన మర్నాడు ఫోను.
“చెప్పు దొరికిందమ్మా,” అన్నాడు ఏకాంబరం,
“వలలో పడింది.
దిబ్బే లేదు.”
నేనేమీ అనలేకపోయాను.
నాంచారమ్మ ఫోను లాక్కుని
కొరియరుకి ఎంతవుతుందని అడిగింది.