గోదెలీవ్ మరమ్మతు కొట్టు

ఘెంట్ ఊళ్ళో, కాలవ పక్క సందులో
ఎలా పడ్డామో గోదెలీవ్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు.
చక్రం చెబుతుంది.

ముందు రిమ్ము జంతికలా మెలిదిరిగితే
ట్రాము పట్టా మింగిందన్నమాట.
"వానలో పట్టాని ఏటవాలుగా దాటావు కదూ?
అడ్డంగా కొయ్యాలి, రొట్టెని కోసినట్టు."

హ్యాండిల్ కుడి కొసన ఎర్ర రంగు గీరుకుని ఉంటే
ఆగి ఉన్న కారు తలుపు.
"తలుపు రెక్కంత దూరం వదిలి పో.
వెనకవాడు హారన్ కొడితే కొట్టనీ.
హారన్‌కి ఎముకలు విరగవు."

బ్రేకు రబ్బరు గోరంతైనా మిగలకపోతే
ఆమె అసలు మాట్లాడదు.
కొత్తవి బిగించి
నొక్కి చూడమంటుంది.
మళ్ళీ.
మళ్ళీ.

గోడకి ఒక నీలం సైకిల్ వేలాడుతుంది,
ఆమె బాగుచెయ్యనిది.
తమ్ముడు వౌటర్‌ది.
లారీ కుడికి తిరుగుతుంటే దాని పక్కనే ఆగాడు,
ఏ అద్దంలోనూ పడని చోట.
లైటు వెలుగుతూనే ఉంది. గంట కూడా కొట్టాడట.
తప్పెవరిదని ఒకసారి అడిగాను.
నూనె గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుని అంది:
"డ్రైవరు మొహం నీకు కనపడకపోతే
వాడి లోకంలో నువ్వు లేనట్టే."

ఇవాళ డబ్బులిచ్చి బయల్దేరుతుంటే
ఆగమని, నా వెనక దీపాన్ని బొటనవేలితో తుడిచింది.
బురద కింద ఎరుపు మేలుకుంది.

వంతెన దగ్గర ఒక లారీ కుడివైపు ఇండికేటర్ వేసింది.
పక్కన సందు ఉంది, సైకిల్ పట్టేంత.
దాని వెనకే నిలబడ్డాను,
పొగ పీలుస్తూ,
అది తిరిగి వెళ్ళిపోయేదాకా.