పలక మీద బొటనవేలు

మార్కాపురంలో ముప్పయ్యేళ్లు
పలక రాయి చీల్చి చీల్చి
కాశింబీ వేళ్లు నున్నబడ్డాయి.
రేషన్ మిషను నాలుగుసార్లు తడిమి చూసి
ఎవరూ లేరంది.

"నేనేగా" అంది కాశింబీ.
మిషనుకు చెవుల్లేవు.
డీలరుకున్నాయి గానీ
వాటినీ మిషనుకే అప్పగించి కూర్చున్నాడు.

ఆ రాత్రి
షాపులకు బోర్డులు రాసే ఓబులేసు
విరిగిన పలకలు ఏరుకొచ్చాడు.
అరిగిపోయిన వేలిని ఎట్లా గీయాలి?
గీతల్లేని చోటును ఏ గీతతో?
బీడీ రెండుసార్లు ఆరిపోయింది.
తర్వాత కుంచె పక్కన పెట్టి
ఆమె రోజూ చేసే పనే చేశాడు.
రాయిని చీల్చాడు.
పొర కింద పొర.
అక్కడున్నాయి, గీతలన్నీ.

తెల్లారేసరికి షాపు మెట్ల మీద
ముప్పై ఆరు పలకలు.
ఒక్కోటీ ఒక బొటనవేలు,
కింద పేరు, ఇంటిపేరుతో సహా.
ఎవరూ నినాదాలివ్వలేదు.
బడికి పోయే పిల్లలు ఆగి
కూడబలుక్కుంటూ చదివారు.
చదివిన ప్రతి పేరుకూ
వరసలోంచి ఒక గొంతు "ఆఁ" అంది.
కొన్ని పేర్లకు దగ్గు వినిపించింది.
రెండు పేర్లకు ఏమీ వినిపించలేదు.
వాటికి అందరూ కలిసి పలికారు.

బియ్యం ఆ రోజు ఇవ్వలేదులే.
మిషను మాత్రం
ఎర్ర లైటు వేసుకుని
ఇంకా వెతుకుతూనే ఉంది.