ఇసుక

బోరబండ హైస్కూల్ వెనక మా గుంట.
నేను తొమ్మిదిల ఉన్నప్పుడు దాని ఇసుకంత
కొత్త బాత్రూముల గోడలకు పోయింది.
ఏడాది పొడుగూ గట్టి మట్టి మీదనే దుంకిన.
మోకాళ్ళు ఇంకా మర్చిపోలె.

ఒక ఐతారం అమ్మ వచ్చింది,
కోకాపేటల ముప్పై అంతస్తుల కింద
ఇసుక జల్లించే చేతులతోని.
మేస్త్రీని బతిమాలి తెచ్చిన ఆరు బస్తాలు,
ట్రాలీ ఆటోకు నాలుగొందలు.
జల్లెడ పట్టి రాళ్ళేరింది.
గుంటకు చాలదని
అవతలి కొసకే పోసినం.
అక్కడిదాకా పోకుంటే మట్టే.

ఇప్పుడు టెన్త్.
లెక్కల నోట్‌బుక్ ఆఖరి పేజీల
నాలుగు ఎనభై కొట్టేసి, నాలుగు తొంభై ఒకటి,
అదీ కొట్టేసి ఐదు రెండు.
స్పోర్ట్స్ హాస్టల్‌కు ఐదుంబావు కావాల్నట.
రత్నమాల మేడం టేపు గుంజి చూపిస్తది,
"గింతే గదనే."
జానెడు.

రేపు ఏడింటికి గచ్చిబౌలి స్టేడియంల సెలక్షన్.
రాత్రి సాక్సులు దులిపితే
గడప మీద చిటికెడు రాలింది.
అమ్మ వేళ్ళ నడుమ నలిపి చూసింది.
"దొడ్డుది. మనదే."
కొంచెం సేపాగి,
"ఆడ సన్నగుంటే కాలు జారుతది, పైలం."