అక్షరానికి పన్నెండు సూలు

అక్షరానికి పన్నెండు సూలు. ఖాళీకి కూలి లేదు.
ఒప్పందం కాగితం మీద మేయరు సంతకం, కింద నాది.
పేర్లు చెక్కేవాడు వేలిముద్ర వేస్తే ఎవరు నమ్ముతారు?

అరవై రెండు పేర్లు.
మా ప్లూగెర్వెన్‌లో పొగ లేచే పొయ్యిలు
నూట ఎనభై కూడా లేవు.
బ్రిటనీ ఇంటిపేర్లు పొడుగు. నాకు లాభమే.
కురచ పేరు వచ్చినప్పుడల్లా
అయ్యో, నాలుగక్షరాలేనా అనిపించేది.
ఆ రాత్రి సైడర్ గొంతు దిగలేదు.

గ్రానైటు తడిస్తే నల్లబడుతుంది.
మా ఊళ్ళో అది తడవని రోజు లేదు.
సముద్రపు నాచు తోలే బళ్ళు ఆగేవి,
చదువు రాని ఆడవాళ్ళు దిగి
మావాడెక్కడ అని అడిగేవారు.
నేను చూపిన గాడిలో వేలు పెట్టి
ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపేవారు.
ఒకామె పక్కింటి కుర్రాడి పేరు తడిమి ఏడ్చి వెళ్ళింది.
నేను దిద్దలేదు.

కె అక్షరం దగ్గర మాకు ఇరుకు.
కెర్దోంకుఫ్ ఒకడు, కెర్మరెక్‌లు ముగ్గురు,
అందులో ఇద్దరు ఒకే వారంలో.
మూడో కెర్మరెక్ తోక చెక్కుతున్న సాయంత్రం
సోవాజ్ కెర్వెల్లా వచ్చింది, బుట్టలో గడ్డి,
గడ్డిలో ఆరు గుడ్లు, రుమాలు కొసన ముడి.
"మా మోదెజ్‌కి ఎన్ని అక్షరాలు?"
పద్నాలుగు. ఎనిమిది ఫ్రాంకుల ఎనిమిది సూలు.
ముడి విప్పింది. సరిగ్గా అంతే ఉంది.
ఎవరి చేతో ముందే లెక్క కట్టించుకుంది.

జాబితాలో మోదెజ్ లేడు.
పదిహేడు ఏప్రిల్‌లో ఆ గుట్ట మూడుసార్లు ఎక్కాడు.
నాలుగోసారి కూర్చున్నాడు.
కూర్చున్నందుకు తెల్లవారుజామున ఒక గుంజ,
పన్నెండు తుపాకులు, అన్నీ సొంత దళానివే.
పన్నెండుగురూ అతనితో బ్రెటన్‌లో మాట్లాడినవాళ్ళే.
కాల్చమన్న మాట మాత్రం ఫ్రెంచిలో.

మేయరు చెడ్డవాడు కాడు.
వాళ్ళబ్బాయి రెండో వరసలో ఉన్నాడు.
"జాబితా జాబితానే" అన్నాడు, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని.

సోవాజ్ ఒక్కటే మాట అంది:
రాయి.
నేను రాతివైపు చూశాను.
ఆమె నా చేతివైపు చూస్తోంది.

డబ్బు ముడి తిరిగిచ్చేశాను. గుడ్లు ఉంచుకున్నాను.
మర్నాడు సుద్దతో కొలిచి
మూడో కెర్మరెక్ కింద ఒక వరస వదిలేశాను,
పద్నాలుగు అక్షరాలు, మధ్యన ఒక సందు.
మేయరు అడిగితే,
అక్కడ లోపల బీట ఉంది, ఉలి పెడితే చీలుతుందన్నాను.
నలభై ఏళ్ళ పనిలో
మంచి రాయి మీద నింద వేయడం అదొక్కసారే.

ఖాళీ కింద లాగదెక్. ఏడక్షరాలు.
ఆ పన్నెండుగురిలో ఇతనొకడు.
తర్వాతి ఏడాది జూలైలో పోయాడు.
బట్టలుతికే రేవులో అతని పెళ్ళాం నాకు చెప్పింది,
పన్నెండింటిలో ఒకటి ఉత్త తూటా అన్నారట,
అది తనదేనని ఇంటికి రాశాడట.
మిగతా పదకొండుగురూ ఏమి రాశారో తెలీదు.
లాగదెక్‌ని అందరంత లోతుగానే చెక్కాను.

నవంబరులో ముసుగు తీశారు. బాకా ఊదే కుర్రాడికి జలుబు.
బడిపంతులు కాగితం తడిసిపోయి
రాయిని చూసి చదవసాగాడు.
మూడో కెర్మరెక్ తర్వాత ఆగాడు.
దగ్గొచ్చిందో, కళ్ళద్దాల మీద వానో,
అందరూ అతనితో పాటు ఆగారు.
తర్వాత లాగదెక్ అన్నాడు.

వాన పడితే అక్షరాల్లో నీళ్ళు నిలుస్తాయి.
ఆ వరసలో నిలవవు, జారిపోతాయి.
మిగతావాళ్ళు వేలు పెడతారు.
సోవాజ్ అరచెయ్యి మొత్తం ఆనించి నిలబడుతుంది,
జ్వరం చూసినట్టు.

నా ఖాతా పుస్తకంలో ఆ రోజు జమ:
గుడ్లు ఆరు.
ఒకటి దారిలోనే పగిలింది.