కుట్టు పక్కన

మట్టెవాడ సందుల మూడు మెట్లు దిగితె నా బైండింగు దుకాణం.
జిగురు వాసన, ఉడికిన మైదా వాసన,
వానకాలమైతె మెట్ల మీదికెల్లి దిగే నీళ్ల వాసన.
లైబ్రరీ నుంచి నెలకొక్క సంచి వస్తది:
అట్టలూడినయి, వెన్ను విరిగినయి,
ఎలుకలు ముందుమాట దాక చదివి ఇడిసిపెట్టినయి.

నేను పుస్తకాలు చదివెటోన్ని కాదు.
అంచులు చదివెటోన్ని.

అంచులల్ల మనుషులుంటరు.
నక్షత్రాల పుస్తకంల ఎవరో నర్సమ్మ, పెన్సిలుతోని:
"నైట్ డ్యూటీల చదువుండ్రి. నిద్ర రాదు గని భయం పోతది."
వంటల పుస్తకంల కాజీపేట లోకో డ్రైవరు:
"ఉత్త కడుపుతోని తెరవద్దు. డోర్నకల్ దాక పేగులు మొత్తుకున్నయి."
నేలల పుస్తకం, నలభై ఒకటో పేజీ కాడ
ఒక మిర్చి రైతు రెండు వరుసలు కొట్టేసిండు:
"మా చెల్కల గిట్ల కాదు. మిగిలింది నిజమే. చదువచ్చు."
లెక్కల పుస్తకంల చిన్నచేతి రాత:
"మూడో పాఠం రాకపోతె ఏడ్వకు, నాలుగుకు పో.
మూడేందో అది చెప్తది."
పాముల పుస్తకం మీద ఒకటే ముచ్చట:
"మా అవ్వ ఇంట్ల పెట్టనియ్యలె. మీరన్న ఆఖరి దాక పోండ్రి."

మొన్న ఎండకాలం చీమల పుస్తకం వచ్చింది.
విప్పిన, కుట్టిన, జిగురు పెట్టిన,
ఆరినంక మిషన్ల పెట్టి మూడు దిక్కుల కోసిన.
రెండొద్దులకు అట్ట ఏసుకుంట చూస్తె
ఆఖరి పేజీల ఆకుపచ్చ సిరా:
"చీమలు నచ్చినోళ్లు ఇగ ఆగొద్దు.
నేను చదివినండ్ల అన్నిటికన్న మంచిది, నూ"

నూ.
ఆ తర్వాత నా కత్తి.

కత్తిరింపుల సంచి అప్పటికే పోయింది.
ఎనుమాముల తొవ్వల మామిడికాయల సేటు
పెట్టెలల్ల పరుస్తానికి కిలోల లెక్క కొంటడు.
ఆ పుస్తకం పేరు
నాగపూర్ పోయే బంగినపల్లుల కింద పరుపయింది.

"చదివెటోనివి కాదు గద ఓదెలూ, నీకెందుకు?"
నుస్రత్ మేడం నవ్వింది.
"కోసినోన్ని నేనే గద మేడం" అన్న.
ఆమె నవ్వు ఆపి
'నూ' కార్డుల డ్రాయరు గుంజి నా ముందట పెట్టింది.

నూలు: పడుగు, పేక, గంజి.
కొత్తవాడ జంపఖానాల మగ్గం మీద
ముప్పై ఏండ్లు కూసున్న మా మామ
ఎన్నడూ చెప్పని నడుమునొప్పి అండ్ల ఉన్నది.
నూనెగింజలు: రెండు వందల పేజీల ఎరువుల నడుమ
నువ్వుపువ్వు మీద ఒక్క పేరా.
ఆ పేరా కోసం మిగిలిందంత మాఫ్ చేసిన.
నూకలు, తవుడు, ఊక: రైస్ మిల్లు లెక్కలు. సగంల నిద్రపోయిన.
నూరేండ్లు బతికినోళ్ల ముచ్చట్లు:
అండ్ల ఒక్కడు గూడ పుస్తకం పట్టినోడు లేడు.
నూతుల తవ్వకం: మేము బాయి అంటం, వాళ్లు నుయ్యి అన్నరు.
రాయి తగిలినంక ఎట్ల కొట్టాలె,
ఎప్పుడు కొట్టుడు బంద్ చేసి చెవి పెట్టాలె.
మూడుసార్లు చదివిన.

ఇండ్ల ఏది ఆకుపచ్చ సిరాయన చెప్పింది?
ఆయననో, ఆమెనో, అది సుత తెల్వది.
చలికాలం దాక ఆ డ్రాయరు నాతోనే ఉన్నది.
ఒకనాడు దుకాణం మూసుడు మరిచి చదువుకుంట కూసున్న,
మైదా అడుగంటి గిన్నె నల్లగైంది.

ఇప్పుడు కుట్టే ప్రతి పుస్తకంల చిన్న చీటి అతుకుతాన:
"పక్కోనికి చెప్పాలనిపించింది బయటి అంచుకు రాయకుండ్రి.
కత్తి అటుకెల్లే వస్తది.
లోపటికి, కుట్టు పక్కన రాయుండ్రి.
అక్కడికి నా చెయ్యి రాదు."

దాని కింద, కుట్టును ఆనుకొని,
పెన్సిలు నాలుకకు తాకిచ్చి నేను రాసింది:
"బాయిల పుస్తకం, ఆరో పాఠం.
నీళ్లు పడే ముందటి పేజీ కాడ ఆగుండ్రి.
లేచి ఒక గిలాస నీళ్లు తాగి రాండ్రి.
అప్పుడు తిప్పుండ్రి.
— బైండరు"