నిలబడ్డ నెత్తురు

నల్లగొండల గడియారం సెంటరు దాటినంక
రేకుల డబ్బా కింద
ఇరవై మూడేండ్ల సంది నిలబడే ఉన్న.
కూసుంటే బొగ్గుల పెట్టె జరగదు,
నిలబడితేనే ఒంటి బరువు దాని మీద పడ్తది.
నా బరువు నా కాళ్ల మీద గూడ పడ్తున్నదని
యాదికి రాలే.

మొదలు ఎడమ పిక్క మీద
ఒక్క నీలం గీత.
చీర రంగంటిందనుకొని సబ్బుతోటి రుద్దిన.
పోలే.
ఏడాదికి అది వంకర్లు తిరిగింది, ముడులు పడ్డది,
తోలు కింద వానపాములు పండుకున్నట్టు.
మాపటికి కాళ్లు సీసం.
చీలమండ పైన దురద, గోకితే నలుపు,
ఆ నలుపు మీదనే
రూపాయి బిళ్లంత పుండు.

"మర్రిగూడ దిక్కు పుట్టుక గదా, ఫ్లోరైడే"
అన్నది పక్క డబ్బా జంగమ్మ.
నల్లదారం కట్టమన్నరు. కట్టిన.
పొద్దుగూకేసరికి దారం ఇరుకైంది.
మా మరిది సైదులు ఒక్కడే
వంగి చూసి, "వదినా, ఇది లీకు" అన్నడు.
మున్సిపాల్టీల నీళ్లిడిసేటోడు,
వానికి లోకమంత పైపులే.
నవ్విన.

పెద్ద దవాఖానల నుస్రత్ మేడం
పిక్కకు చల్లటి జిగురు పూసి
నా నెత్తురును నాకే తెర మీద చూపెట్టింది.
పిక్క పిసికితే సుయ్యిమని పైకురికింది.
ఇడిసిపెడితే
పోయిన తొవ్వనే కిందికి జారింది.

"లోపల చిన్న చిన్న తలుపులుంటయమ్మా,
పైకి పోనిస్తయి, మళ్ల రానియ్యవు.
నీయి వదులైనయి."
పాదం కాడికెల్లి గుండె దాక ఎక్కాలెనట నెత్తురు,
చేదేది పిక్క కండనేనట,
నడిస్తేనే అది గుంజుతదట.
నేనేడ నడిచిన?

సైదులు మొగం జూడాలె అప్పుడు!
వాల్వు పోయింది, లైనంత ఎనక్కొస్తున్నదని
నాలుగేండ్ల సంది ఇంజనీరుకు చెప్తున్నడు.
వాని మాట మొదటిసారి విన్నది
ఆ స్కాను మిషనే.

పాదంల నాడి పట్టి చూసినంకనే
పుండు చుట్టు బిగువుగ కట్టు కట్టింది.
పండుకున్నప్పుడు కాళ్ల కింద దిండు,
గుండె కంటె ఎత్తుగ.
మానినంక మేజోడు.
పొద్దుగాల మంచం దిగకముందే తొడగాలె.
ఊరందరి పాంట్లకు గీత పెట్టినదాన్ని
ఈ ఒక్క బట్ట కాడ ఓడిపోయిన.
మే నెల ఎండల, చెమటల,
ఆయన ఒక దిక్కు నేనొక దిక్కు గుంజుడు.
పొట్లం మీద రాసుందట, ఇస్త్రీ చెయ్యొద్దని.

తర్వాత లేజరు.
ఎంటికంత తీగను లోపలికి పంపి
వేడితోటి ఆ చెడ్డదాన్ని మూసేస్తరట.
"మూస్తే నెత్తురెటు పోతది మేడం?"
"లోతుల పెద్దయి మంచిగున్నయి, అటు పోతది."
వేడి సంగతి నాకు చెప్పాల్నా?
నైలాను చీర మీద పెట్టె మరిస్తే
ఎట్ల ముడుసుకపోతదో
పైసలు కట్టి నేర్చుకున్న.
ఆనాడు మాపటికే నడిపిచ్చిండ్రు,
వార్డు ఈ కొస నుంచి ఆ కొసకు,
పొట్టన పెట్టుకున్న పిక్క పలుగుతదేమోనని
భయపడుకుంట.

ఇప్పుడు డబ్బాల ఒక స్టూలున్నది.
బట్ట బట్టకు నడుమ మడిమెలు లేపుత, దించుత.
గిరాకీలు నవ్వుతరు, నవ్వనీ.
నాకు మాత్రం మనుషుల మొగాలు పోయి
పిక్కలే కనబడ్తున్నయి.
చౌరస్త ట్రాఫిక్ పోలీసు,
టిఫిన్ బండి కాడ దోశెలు పోసేటాయన.

నిన్న చీరెల దుకాణం పిల్ల
షోరూం బొమ్మలకు కట్టే చీరెలు తెచ్చింది.
కాలు మార్చి కాలు మీద నిలబడ్తున్నది.
స్టూలు జరిపిన.
"కూసుంటే సారు ఊకోడక్కా" అని
నా డబ్బాల గూడ కూసోలే.

బట్టలు మడుస్తనే ఉన్న,
ఆ పిల్ల నిలబడే ఉన్నది.
నా కుడి కాలుకు
తారీఖు ఇంక ఇయ్యలే.